రోనాల్డ్ రాస్: పోర్ట్ బ్లెయిర్ నుండి బేగంపేట వరకు

అండమాను ద్వీపములలోని పోర్ట్ బ్లెయిర్ 1858 నుండి ఖైదీల ప్రవాసస్థలము. సముద్రపు పోటునీరు చొచ్చుకొనివచ్చు బురదనేలల ప్రక్కనే జనుల నివాసము. చలిజ్వరము అచ్చట నిత్యాతిథి. 1880ల నడుమ ఆ ద్వీపమున కొంతకాలము పనిచేసిన యువ సైనికవైద్యుడు రోనాల్డ్ రాస్. 1857లో ఆల్మోరాలో జన్మించి, లండనులో వైద్యము నేర్చి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరినవాడు. అప్పటికి ఆయన మనస్సు వైద్యముకంటె సాహిత్యముపైనను గణితముపైనను ఎక్కువగా నుండెను. ఆ దినములలో వైద్యుడు నాడిపట్టి జ్వరమును ఊహించెడివాడే గాని, రోగి రక్తమును గాజుపలకపై పరీక్షించుట అరుదు.

1888లో సెలవుపై ఇంగ్లండు వెళ్లి రాస్ సూక్ష్మజీవిశాస్త్రము నభ్యసించెను. అయినను రక్తములో మలేరియా పరాన్నజీవి యున్నదన్న మాటను ఆయన చాలకాలము నమ్మలేదు. 1894లో పాట్రిక్ మాన్సన్ దానిని సూక్ష్మదర్శినిలో చూపగా ఆ సందేహము తీరెను. దోమకును ఆ వ్యాధికిని సంబంధముండవచ్చునన్న మాన్సన్ తలంపు రాస్‌ను పట్టుకొనెను.

1895లో ఆయన సికింద్రాబాదు చేరెను. గొప్ప ప్రయోగశాల యేమియు లేదు. సూక్ష్మదర్శిని మరలు నుదుటి చెమటకు తుప్పుపట్టెను, కటకము పగిలెను. కోసిన దోమలు ఎగిరిపోవునని, మండు వేసవిలో సైతము పంఖా వేయనీయలేదు. రెండేండ్లు వేరు జాతుల దోమలనే కోసికోసి విసిగెను. తుదకు 1897 ఆగస్టులో చుక్కల రెక్కలు గల దోమలు దొరికెను. బేగంపేట ఆసుపత్రిలోని రోగి హుస్సేన్ ఖాన్, కుట్టిన దోమకు అణా చొప్పున పుచ్చుకొని, వాటికి తన రక్తము నిచ్చెను. ఆగస్టు 20న, మిగిలిన కొద్ది దోమలలో ఒకదాని కడుపుగోడపై నల్లని రేణువులు గల గుండ్రని కణములు కనబడెను. దేవునికి కృతజ్ఞత తెలుపుచు రాస్ వ్రాసిన పద్యములు ఆ దినములవే.

మరుసటి యేడు కలకత్తాలో, సహాయకుడు మహమ్మద్ బక్స్ తోడ్పాటుతో, పక్షుల మలేరియా దోమల లాలాజల గ్రంథుల గుండా వ్యాపించునని ఋజువు చేసెను. 1902లో నోబెల్ బహుమతి లభించెను. ఇటలీ శాస్త్రజ్ఞుడు గ్రాస్సీతో కీర్తికొరకు ఆయన సాగించిన కలహము మాత్రము అంత గొప్పవానికి తగినది కాదు. హుస్సేన్ ఖాన్, మహమ్మద్ బక్స్‌ల పేర్లు ఎందరికి తెలియును?

రాస్ 1932లో మరణించెను. అంతకు ముందే ఆయన పద్ధతి పోర్ట్ బ్లెయిర్‌కు చేరియుండెను. క్రిస్టఫర్స్ అను వైద్యుడు అచ్చటి జనుల రక్తమును, దోమలను పరీక్షించి, 1912లో నివేదిక ప్రకటించెను. ఉప్పునీటి బురదలలో పుట్టు ఒక జాతి దోమయే అచ్చటి జ్వరమునకు మూలమనియు, ఆ బురదలకు దూరముగా నున్న ఊళ్లలో వ్యాధి స్వల్పమనియు తేల్చెను. యువకుడైన రాస్ నివసించినది ఆ తీరముననే.