బంతిని మచ్చిక చేసిన గురువు

ఏ విద్యకైనా తొలిపాఠం చూడడానికి చిన్నదిగానే ఉంటుంది. సంగీతానికి సరళీ స్వరాలు, చదువుకు ఓనమాలు ఎటువంటివో, ఫుట్‌బాల్ క్రీడకు తనవైపు వచ్చిన బంతిని అందుకొని అదుపులో ఉంచుకోవడం అటువంటిది. గోల్ చేసినవాని పేరును లోకం గుర్తుంచుకొంటుంది. కాని ఆ గోల్‌కు ముందు ఎవరో ఒక ఆటగాడు వేగంగా దూసుకొచ్చిన బంతిని చేజారనీయక తన పాదాల చెంత నిలిపి ఉంటాడు. అటువంటి మౌలికమైన నేర్పులకు పెద్దపీట వేసి, భారత ఫుట్‌బాల్‌ను ఆసియాలో అగ్రస్థానానికి చేర్చిన శిక్షకుడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. శిష్యులు, అభిమానులు ఆయనను ఆత్మీయంగా రహీం సాబ్ అని పిలుచుకొన్నారు.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యాభ్యాసం చేస్తూ అక్కడి ఫుట్‌బాల్ జట్టులో ఆడారు. అనంతరం ఉపాధ్యాయవృత్తిని స్వీకరించి కాచిగూడ మాధ్యమిక పాఠశాల మొదలైన చోట్ల పనిచేశారు. వ్యాయామవిద్యలో డిప్లొమా పొంది, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలలో విద్యార్థుల క్రీడా బాధ్యతలను చేపట్టారు. 1940ల తొలినాళ్ళలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు, ఆపైన భారత జట్టుకు శిక్షకులయ్యారు. పదవులు ఎన్ని వచ్చినా ఆయన శిక్షణను పరిశీలించినవారికి అందులో పాఠాన్ని మెట్లు మెట్లుగా విడదీసి చెప్పే బడిపంతులే కనిపిస్తాడు.

ఆయన పద్ధతుల విలువ తెలియాలంటే ముందుగా బంతిని అందుకోవడంలోని మర్మం తెలియాలి. బంతికి అడ్డంగా పాదాన్ని నిలిపినంత మాత్రాన అది లొంగదు. గోడకు కొట్టిన బంతి వెనుదిరిగినట్లే, బిగుసుకొన్న పాదానికి తగిలిన బంతి కూడా ఎగిరిపోతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరికాయలను లారీకి ఎక్కించే దృశ్యాన్ని ఊహించుకోండి. కింద నున్నవాడు విసిరిన కాయను పైనున్నవాడు అందుకొనేటప్పుడు, కాయ తాకిన క్షణంలోనే అతని చేతులు కొద్దిగా వెనుకకు జరిగి దాని వేగాన్ని తమలో ఇముడ్చుకొంటాయి. పాదం కూడా అదే విధంగా బంతితోపాటు కొంత వెనుకకు తగ్గాలి. అప్పుడు తాకిడికి పట్టే కాలం పెరిగి, దాని తీవ్రత తగ్గి, బంతి పాదం చెంతనే ఆగుతుంది. పాదం లోపలి పక్క, పాదం పైభాగం, తొడ, వక్షం ఇవన్నీ ఈ పనికి ఉపకరిస్తాయి.

బంతిని ఆపడంతోనే పని పూర్తి కాదు. అది తనను చేరకముందే తలయెత్తి చుట్టూ చూసి, తనవారు ఎక్కడ ఉన్నారో, ప్రత్యర్థులు ఎటునుంచి వస్తున్నారో గ్రహించాలి. తొలి స్పర్శతోనే బంతిని ఖాళీగా ఉన్న దిక్కుకు మళ్ళించాలి. ఆ స్పర్శ తప్పితే రెండవ అవకాశం ప్రత్యర్థిదే అవుతుంది.

ఈ నేర్పును యువకులలో పెంపొందించడానికి రహీం ఎంచుకొన్న మార్గం విలక్షణమైనది. ఆయన పోటీల నియమాలనే పాఠాలుగా మార్చారు. డ్రిబ్లింగ్‌కు తావులేని పోటీలను నిర్వహించారు. బంతిని కాళ్ళతో కదుపుకొంటూ ప్రత్యర్థులను తప్పించుకొని పోవడమే డ్రిబ్లింగ్. చూపరులకు అది కన్నులపండువు. దానిని నిషేధించినప్పుడు ఆటగాడు బంతిని తన దగ్గర ఎక్కువసేపు ఉంచుకోలేడు. అందుకొన్న వెంటనే మరొకరికి అందించవలసిందే. కాబట్టి బంతి రాకముందే ఆలోచించడం అతనికి అలవాటవుతుంది. ఆటలో వేగం పెరుగుతుంది. నా ఆట అనే భావన తగ్గి మన ఆట అనే భావన బలపడుతుంది.

మరొక రకం పోటీలలో ఆటగాళ్ళు తమకు వాటం లేని కాలితోనే ఆడవలసి ఉండేది. కుడికాలి వాటం గలవాడు ఎడమకాలితో బంతిని అందుకోవాలి, ఎడమకాలితోనే తన్నాలి. మొదట్లో ఎంతటి ఆటగాడైనా అక్కడ పసివాడే. కాని తన లోపమేదో దాచుకొనే వీలు లేనప్పుడే దానిని దిద్దుకొనే ప్రయత్నం మొదలవుతుంది. రెండు చేతులతోనూ బాణప్రయోగం చేయగలవాడు కనుక అర్జునుడు సవ్యసాచి అయ్యాడు. రహీం తన శిష్యులను పాదాల విషయంలో సవ్యసాచులను చేయదలచారు.

ఈ సాధన త్వరలోనే ఫలించింది. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్‌ను గెలుచుకొంది. సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్ వంటి జంటనగరాల క్రీడాకారులు రహీం శిక్షణలో భారత జట్టుకు ఆడి దేశమంతటా కీర్తి గడించారు.

1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో రహీం శిక్షణలోని భారత జట్టు ఇరాన్‌ను ఓడించి స్వర్ణపతకం సాధించింది. మరుసటి ఏడే ఘోర పరాభవం ఎదురైంది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మన జట్టు 10-1 తేడాతో ఓడిపోయింది. ఆనాడు మన ఆటగాళ్ళలో పలువురు బూట్లు లేకుండానే ఆడారు. వట్టి పాదానికి బంతి స్పర్శ బాగా తెలుస్తుంది గాని, చలిదేశపు మైదానంలో బూట్లు ధరించిన బలవంతుల ముందు అది నిలువలేకపోయింది. ఆ తరువాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది. పాదానికీ బంతికీ నడుమ తోలు పొర చేరినప్పుడు అందుకొనే తీరును మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవలసి వస్తుంది. ఓటమిని నెపాలతో కప్పిపుచ్చక, దానినే కొత్త పాఠంగా స్వీకరించడం గురువుకు, శిష్యులకు కూడ పరీక్షే.

ఆ పరీక్షలో వారు నెగ్గారని 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ నిరూపించింది. ఆతిథ్యదేశమైన ఆస్ట్రేలియాను మన జట్టు 4-2 తేడాతో ఓడించింది. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్స్ చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశంగా భారత్ చరిత్రకెక్కింది. చివరకు నాలుగవ స్థానంతో తృప్తి పడవలసి వచ్చినా, నేటివరకు ఆ క్రీడలో మన దేశానికి అంతకు మించిన ఒలింపిక్ ఘనత లేదు.

రహీం జీవితంలో చివరి ఘట్టం 1962 జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆయనను క్రుంగదీస్తున్నది. తొలి పోటీలో దక్షిణ కొరియా చేతిలో 2-0 తేడాతో ఓటమి ఎదురైంది. థాయిలాండ్‌తో ఆడిన పోటీలో రక్షణశ్రేణికి చెందిన జర్నైల్ సింగ్ తలకు గాయమైంది. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను క్రీడలకు రానీయకపోవడాన్ని ఒక భారతీయ క్రీడాధికారి ఆక్షేపించడంతో స్థానిక ప్రేక్షకులు మన జట్టుపై ఆగ్రహించి ఉన్నారు. ఇన్ని ప్రతికూలతల నడుమ రహీం నిబ్బరం కోల్పోలేదు. గాయపడిన జర్నైల్ సింగ్‌ను వదులుకొనక, సెమీఫైనల్‌లోనూ ఫైనల్‌లోనూ ముందుశ్రేణిలో ఆడించారు. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్‌లో పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరొక గోల్ చేయగా, తమను ఓడించిన దక్షిణ కొరియానే 2-1 తేడాతో జయించి మన జట్టు స్వర్ణపతకాన్ని అందుకొంది.

ఆ విజయం తరువాత ఏడాదైనా గడవకముందే, 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. 2023 హాంగ్‌ఝౌ క్రీడల వరకు చూసినా ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మరొక స్వర్ణం దక్కలేదు. ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో సభ్యుడై, అనంతరం అంతర్జాతీయ రిఫరీగా రాణించారు. చాలాకాలం మరుగునపడిన రహీం చరిత్రను 2024లో విడుదలైన మైదాన్ అనే హిందీ చలనచిత్రం కొత్తతరానికి పరిచయం చేసింది.

జీవితం కూడా బంతిని ఎప్పుడూ మనకు అనువైన కాలికే అందించదు. రహీంకు పరాజయం వచ్చింది, ప్రేక్షకుల ద్వేషం వచ్చింది, మృత్యువు కూడా ముందుగానే వచ్చింది. వచ్చినదానిని బెదరక అందుకొని, కావలసిన దిక్కుకు మళ్ళించడమే ఆయన బ్రతికి చూపిన పాఠం. ఆ పాఠం ఆరంభించడానికి మహానగరాల క్రీడాప్రాంగణాలు అవసరం లేదు. నందిగాం బడి ఆవరణలోనైనా, ఉద్దానం ఇసుకతీరంలోనైనా, ఒక బంతి, దానిని తిరిగి అందించే ఒక స్నేహితుడు ఉంటే చాలు. మొదటి తన్ను మాత్రం వాటం లేని కాలితో తన్నాలి.