తత్సునో కింగో

ఒక ప్రాంతపు ఇండ్లను చూచినచో ఆ ప్రాంతపు నేల యెట్టిదో, వాతావరణ మెట్టిదో కొంతవరకు తెలిసికొనవచ్చును. కడప జిల్లాలోని సింహాద్రిపురము, జమ్మలమడుగు ప్రాంతములలో నాపరాయి సమృద్ధిగా దొరకును. అందువలన అచ్చటి పూర్వులు రాతిగోడలు లేపి, దూలములపై బండలు పరచి, పైని చవుడు మన్ను కప్పి, వేసవిలో చల్లగా నుండు మిద్దెలను కట్టుకొనిరి. జపాను దేశమున సంగతి వేరు. అది తరచుగా భూకంపములు వచ్చు దేశము. కొండలనిండ అడవులున్న దేశము. కావున జపానీయులు అనేక శతాబ్దములుగా ఇండ్లను, దేవాలయములను కొయ్యతోనే నిర్మించిరి. నేల కదలినపుడు కొయ్య కొంత వంగును, ఊగును, మరల నిలుచును. ఇటుకకును రాతికిని ఆ గుణము లేదు.

అట్టి దేశమున ఇటుకతోను, రాతితోను, ఉక్కుతోను పెద్ద భవనములు కట్టవలసిన కాలము వచ్చినది. ఆ విద్యను నేర్చి, తన దేశపు నేలకు తగినట్లు దానిని దిద్దిన మొదటి తరము జపానీయులలో తత్సునో కింగో ముఖ్యుడు. తత్సునో యనునది ఇంటిపేరు. జపానీయులు కూడ మనవలెనే ఇంటిపేరును ముందు చెప్పుదురు.

తత్సునో 1854వ సంవత్సరమున క్యూషూ ద్వీపమందలి కరత్సు పట్టణములో జన్మించెను. అతని తండ్రి సామురాయి యను యోధవర్గమునకు చెందినవాడు. అయితే ఆ వర్గములో క్రింది మెట్టువాడు. ఇంటిలో కలిమి లేదు. బాలుడు బంధువులైన తత్సునోవారి యింటికి దత్తు పోయెను. అతనికి పదునాలుగవ యేట, అనగా 1868లో, మెయిజీ చక్రవర్తి పేరిట జపానులో క్రొత్త ప్రభుత్వ మేర్పడెను. కత్తిసాము నేర్చినవారికి పూర్వపు గౌరవము పోయెను. పాశ్చాత్య శాస్త్రములు నేర్చినవారి అవసరము పెరిగెను.

కరత్సులో నొక ఆంగ్ల పాఠశాల వెలసెను. అచ్చట పాఠములు చెప్పుటకు తకాహషి కొరెకియో అను యువకుడు వచ్చెను. గురువునకును శిష్యునకును ఈడు ఒక్కటే. తత్సునో అతనివద్ద ఇంగ్లీషు నేర్చి, 1872లో టోక్యో నగరమునకు పోయి, మరుసటి యేడు ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాలలో చేరెను. ప్రవేశించునాటికి అతడు ముందువరుస విద్యార్థి కాడు. కాని విసుగులేని కృషివలన 1879లో వాస్తుశాఖనుండి ప్రథముడుగా ఉత్తీర్ణుడయ్యెను. ఆ శాఖలో పట్టము పొందిన మొదటి జట్టువారు నలుగురే.

ఆ నలుగురకును గురువు జొసయా కాండర్ అను ఆంగ్లేయుడు. అతడు 1877లో, ఇరువదినాలుగేండ్ల ప్రాయమున, జపానునకు వచ్చి తన శేషజీవితమంతయు అచ్చటనే గడపెను. శిష్యులకు విద్యను దాచుకొనక చెప్పెను. ప్రభుత్వము కోరినదియు అదియే. విదేశీయులకు పెద్ద జీతములిచ్చి ఎల్లకాలము పోషించుట కష్టము. వారి విద్యను తమ బిడ్డలు నేర్చుకొనవలెను.

1880లో తత్సునో ఉన్నత విద్యకై లండనుకు పంపబడెను. అచ్చట విశ్వవిద్యాలయమున చదువుచు, విలియం బర్జెస్ అను ప్రసిద్ధ వాస్తుశిల్పి కార్యాలయమున పని నేర్చెను. బర్జెస్‌కు జపాను కళలపై మిక్కిలి మక్కువ. అతడొకనాడు జపాను ప్రాచీన భవనములనుగూర్చి తత్సునోను ప్రశ్నించెననియు, తత్సునో తగిన సమాధానము చెప్పజాలకపోయెననియు చెప్పుదురు. రోము నగరపు స్తంభములనుగూర్చి అతడు చెప్పగలడు. ఫ్రాన్సు దేశపు దేవాలయములనుగూర్చి చెప్పగలడు. తన దేశమున వేయి యేండ్లకు మించి నిలిచియున్న కొయ్య దేవాలయములనుగూర్చి మాత్రము అతనికి ఏ కళాశాలలోను ఎవరును చెప్పలేదు. ఆ సంగతి అతని మనస్సులో నాటుకొనెను.

పిదప అతడు ఫ్రాన్సు, ఇటలీ దేశములందు పర్యటించి 1883లో స్వదేశమునకు మరలెను. మరుసటి యేడు తన గురువైన కాండర్ స్థానమున ఆచార్యుడయ్యెను. 1886లో తోడి వాస్తుశిల్పులతో కలిసి ఒక సంఘమును స్థాపించెను. అదియే నేటి జపాను వాస్తుశిల్ప సంఘమునకు మూలము. 1889లో, రాజభవన వడ్రంగుల వంశమునకు చెందిన కిగో కియొయొషిని విశ్వవిద్యాలయమునకు రప్పించి, జపాను ప్రాచీన నిర్మాణ విద్యను పాఠ్యాంశముగా చేయించెను. ఉలి పట్టిన వడ్రంగి విశ్వవిద్యాలయమున పాఠము చెప్పుట ఆనాటికి క్రొత్త. ఆ పాఠములు విన్న తరమువాడే ఇతో చూతా. అతడు తరువాత హొర్యూజి యను పురాతన బౌద్ధాలయమును పరిశోధించి జపాను వాస్తుచరిత్రకు ఆద్యుడయ్యెను. లండనులో తాను చెప్పలేకపోయిన సమాధానమును తన తరువాతివారు చెప్పగలుగునట్లు తత్సునో ఈ విధముగా చేసెను.

ఇంతలో గొప్ప బాధ్యత యొకటి అతనికి వచ్చెను. జపాను బ్యాంకునకు టోక్యోలో ప్రధానభవనము కట్టవలసియుండెను. అంతకుముందు ఇట్టి పనులు విదేశీయులకే అప్పగించుచుండిరి. ఈ పని జపానీయుడైన తత్సునోకు లభించెను. అతడు అమెరికా, ఐరోపా దేశములకు పోయి అచ్చటి బ్యాంకు భవనములను పరిశీలించి వచ్చెను. 1890లో పని ప్రారంభమయ్యెను.

మరుసటి సంవత్సరము అక్టోబరు 28వ తేదీన మధ్యజపానులో ఘోరమైన భూకంపము సంభవించెను. ఏడువేలమందికి పైగా ప్రజలు మరణించిరి. క్రొత్త పద్ధతిని ఇటుకలతో కట్టిన నూలుమిల్లు కూలెను. నదులపై కట్టిన రైలు వంతెనలు విరిగెను. పరదేశపు కట్టడములు మన నేలకు పనికిరావను మాట దేశమంతట వినవచ్చెను. తత్సునో ఆ మాటను కొట్టివేయలేదు. పనిని మానివేయను లేదు. పటములను మరల ముందు పెట్టుకొనెను.

నేల కదలినపుడు బరువైన గోడ మిక్కిలి బలముతో ఊగును. పైభాగము తేలికగా నున్నచో క్రింది గోడలపై పడు ఒత్తిడి తగ్గును. కావున అతడు క్రింది అంతస్తును దట్టమైన రాతితోనే యుంచి, పై అంతస్తులను పూర్తిగా రాతితో కట్టుట మాని, ఇటుకతో కట్టించి పైని పలుచని రాతి పలకలు తాపించెను. వెలుపల చూచువారికి భవనమంతయు రాతిదిగానే కనిపించును.

ఈ భవనపు పనిలోనే ఒక విచిత్రమైన సమావేశము జరిగెను. కరత్సులో తత్సునోకు ఇంగ్లీషు నేర్పిన తకాహషి పెరూ దేశపు వెండిగనుల వ్యాపారమున చేతిలోని ధనమంతయు పోగొట్టుకొనెను. 1892లో అతడు బ్యాంకు నిర్మాణ కార్యాలయమున ఉద్యోగిగా చేరెను. అచ్చట అతనికి పైయధికారి తన పూర్వశిష్యుడే. తకాహషి సిగ్గుపడలేదు, తత్సునో గర్వపడలేదు. ఒకడు ఖర్చులను సామగ్రిని చక్కబెట్టెను. వేరొకడు కట్టడమును నడపెను. 1896లో భవనము పూర్తి యయ్యెను. ఆ తకాహషియే 1921లో జపాను ప్రధానమంత్రి యయ్యెను.

ఆనాటి జపాను అభివృద్ధి మనదేశపు మేధావులను కూడ ఆకర్షించెను. బ్యాంకు భవనము పూర్తియైన రెండేండ్లకు, 1898లో, మోక్షగుండం విశ్వేశ్వరయ్య జపానునకు పోయి అచ్చటి విద్యను, పరిశ్రమలను పరిశీలించి వచ్చెను. 1908 నాటి మూసీ వరదలో హైదరాబాదు దెబ్బతినగా, మరుసటి యేడు ఆ నగర రక్షణకు ఉపాయము చెప్పుటకు పిలువబడినవాడు ఆయనయే. వరదగాని భూకంపముగాని, తన నేల స్వభావము నెరిగి కట్టుటయే ఇంజనీరు ధర్మము.

తత్సునో 1902లో విశ్వవిద్యాలయ పదవిని విడిచి, మరుసటి యేడు స్వంత కార్యాలయమును తెరచెను. అతని జీవితములోని పెద్ద పని ఇంకను మిగిలియుండెను. టోక్యో నగరమునకు మహా రైల్వేస్టేషను కావలెను. బాల్ట్సర్ అను జర్మను ఇంజనీరు జపాను పద్ధతి పైకప్పులతో ఒక పటమును సిద్ధపరచియుండెను. కాని అది ఆమోదము పొందలేదు. ఆ పని తత్సునోకు వచ్చెను. 1908లో పని మొదలయ్యెను. మెత్తని నేలలో పదివేలకు పైగా పైను మొద్దులను దిగగొట్టి పునాది వేసిరి. ఉక్కు చట్రమును నిలిపి దానిచుట్టు ఇటుకగోడలు కట్టిరి. మూడంతస్తుల ఆ భవనము పొడవు సుమారు 335 మీటర్లు. ఎఱ్ఱని ఇటుకల నడుమ తెల్లని పట్టీలు, ఇరుకొనల గుమ్మటములు దానికి అందము కూర్చెను. 1914 డిసెంబరు 20వ తేదీన స్టేషను ప్రారంభ మయ్యెను. అది ఐరోపా కట్టడములకు అనుకరణమని ఆక్షేపించినవారును లేకపోలేదు. దాని దృఢత్వము తరువాత తేలినది.

ఆ పరీక్షను చూచుటకు తత్సునో జీవించియుండలేదు. జపాను పార్లమెంటు భవనమునకు పోటీ పెట్టి ఉత్తమమైన పటమును ఎన్నుకొనవలెనని అతడు పట్టుబట్టి సాధించెను. ఆ పోటీ జరుగుచుండగనే, ప్రపంచమంతట వ్యాపించిన ఇన్‌ఫ్లుయెంజా జ్వరము సోకి, 1919 మార్చి 25వ తేదీన అరువదినాలుగవ యేట మరణించెను.

1923 సెప్టెంబరు 1వ తేదీన టోక్యో ప్రాంతమున మహాభూకంపము వచ్చెను. భూకంపమువలనను, దాని వెంట చెలరేగిన మంటలవలనను లక్షమందికి పైగా మరణించిరి. నగరమున అనేక ఇటుక మేడలు కూలెను. తత్సునో కట్టిన స్టేషను నిలిచెను. బ్యాంకు గుమ్మటము మంటలలో కాలినను గోడలు నిలిచెను. మరుసటి యేడు జపాను ప్రభుత్వము భూకంపములకు తట్టుకొను నిర్మాణములకై నియమములను చట్టములో చేర్చెను. ఆ నియమములకు ఆధారమైన లెక్కను కనుగొన్న సానో తోషికత, తత్సునో ఆచార్యుడుగా నున్న కాలమున అదే విశ్వవిద్యాలయమున చదివినవాడే. అటుపిమ్మట జపానులో పెద్ద భవనములకు ఇటుక తగ్గి, ఉక్కు కడ్డీలతో కూడిన కాంక్రీటు వాడుకలోనికి వచ్చెను.

1945 మే నెలలో యుద్ధవిమానములు కురిపించిన అగ్నికి స్టేషను గుమ్మటములును మూడవ అంతస్తును కాలిపోయెను. యుద్ధానంతరము రెండంతస్తులతోనే బాగుచేసికొని చాలకాలము వాడుకొనిరి. 2012లో తత్సునో నాటి రూపమునే తిరిగి ఇచ్చిరి. పైను మొద్దులకు బదులు భూకంపపు ఊపును అణచు క్రొత్త సాధనములను భవనము క్రింద అమర్చిరి. నేడు లక్షలకొలది ప్రయాణికులు ప్రతిదినము ఆ స్టేషను మీదుగా పోవుచున్నారు.

తత్సునో కింగో పరుల విద్యను వినయముతో నేర్చెను. దానిని తన నేలపై పరీక్షించి, లోపము కనిపించినచోట దిద్దెను. తన పూర్వుల విద్యను తనకెవరును చెప్పకపోయినను, తన శిష్యులకు చెప్పించెను. తరువాతి తరములలో జపాను వాస్తుశిల్పులు లోకమున పొందిన కీర్తికి ఈ మూడు పనులును పునాదులైనవి.