ఉప్పెన జాడ పట్టిన హెన్రీ పిడింగ్టన్

సముద్రం మట్టం ఎందుకు మారుతుందని డ్యూమస్ తీరాన మా ఆరో తరగతి విద్యార్థి ఒకడు అడిగాడు. ఆటుపోట్ల పేరు చెప్పి అప్పటికి గట్టెక్కాం. ఖంభాత్ అఖాతంలో ఆ జవాబు చెల్లుతుంది, కానీ సగమే. సూరత్‌కు రాకముందు కొన్నాళ్ళు కాకినాడలో పనిచేశాం. పక్కనే ఉన్న కోరంగి గుర్తుకొచ్చింది, దానితోపాటు పిడింగ్టన్ కూడా.

ఆయన 1797లో ఇంగ్లండులో పుట్టారు. ఓడ కప్తానుగా సముద్రాలు తిరిగి కలకత్తాలో స్థిరపడ్డారు. తుఫానులో చిక్కి బయటపడ్డ ఓడల దినచర్య పుస్తకాలు సేకరించి, ఏ గంటకు గాలి ఎటు వీచింది, బారోమీటరు ఎంత పడింది అని పటాల మీద గుర్తులు పెట్టేవారు. 1839 నవంబరులో కోరంగిని ముంచిన తుఫానును అలాగే పరిశీలించి రాశారు. చుట్టచుట్టుకున్న పామును తలపించే గ్రీకు మాట నుంచి ‘సైక్లోన్’ అనే పేరు పెట్టింది ఆయనే. 1848లో నావికుల కోసం పుస్తకం వేశారు. మన ‘ఉప్పెన’ అంతకంటే పాత మాట అని మాకు కాస్త గర్వం!

తుఫాను నడుమ గాలి బరువు తగ్గి నీరు పైకి లేస్తుందని ఆయన రాశారు. ఇప్పటి లెక్కలో ఒక మిల్లీబారు తగ్గితే నీరు సుమారు ఒక సెంటీమీటరు లేస్తుంది. మామూలు పీడనం 1013. అది 950కి పడితే అరవై సెంటీమీటర్ల పైచిలుకు. మిగతా ఉప్పెనంతా చాలావరకు లోతు తక్కువ తీరం మీదికి గాలి నెట్టుకొచ్చే నీరే. 2013లో శ్రీహరికోట నుంచి వెళ్ళిన సరళ్ ఉపగ్రహం దాదాపు 800 కిలోమీటర్ల ఎత్తు నుంచి రాడారుతో సముద్ర మట్టం కొలిచింది. అలాంటి కొలతల్లోంచి ఈ పీడనం వాటాను తీసివేశాకే సముద్రం నిజంగా పెరుగుతోందో లేదో లెక్క కడతారు.

కలకత్తా దగ్గర మాత్లా నది ఒడ్డున కొత్త రేవు కట్టబోతున్నారని తెలిసి, 1853లో పిడింగ్టన్ గవర్నర్ జనరల్ డల్హౌసీకి ఉత్తరం రాశారు. ఏదో ఒకనాడు తుఫాను అల వచ్చి ఆ ఊరిని ముంచుతుందని హెచ్చరించారు. ఎవరూ చెవిన పెట్టలేదు. ఆయన 1858లో కన్నుమూశారు. రేవు లేచింది, క్యానింగ్ అని పేరు పెట్టారు. 1867 నవంబరులో ఉప్పెన ఆ రేవు మీద పడింది. కొన్నేళ్ళకే దాన్ని వదిలేశారు.