సొర పేరు అడిగిన దొర

చిన్నప్పుడు అంతర్వేది తీర్థానికి వెళ్తే, మా అమ్మమ్మ నన్ను మోకాలి లోతు దాటి సముద్రంలోకి దిగనిచ్చేది కాదు. సొరచేప కాలు పట్టుకుని లాక్కుపోతుందని ఆవిడ భయం. నేనూ ఆ భయంతోనే పెరిగాను. కాలేజీలో జంతుశాస్త్రం చదివేటప్పుడు, రెండొందల ఏళ్ల కిందటే మన సొరల్ని బొమ్మలు గీయించి, వివరాలు రాసిన ఒక దొరగారి సంగతి తెలిసింది. ఆయనే పాట్రిక్ రస్సెల్.

రస్సెల్ స్కాట్లండు దేశస్థుడు, వైద్యుడు. సిరియాలోని అలెప్పోలో ఉండగా 1760 ప్రాంతంలో అక్కడ ప్లేగు వచ్చిపడింది. ఆయన ఊరు వదలకుండా వైద్యం చేశాడు. అప్పుడు చూసిందంతా 1791లో పెద్ద గ్రంథంగా అచ్చువేశాడు.

1781లో, యాభై దాటిన వయసులో, కంపెనీ ఉద్యోగి అయిన తమ్ముడు క్లాడ్ వెంట విశాఖపట్నం చేరాడు. 1785లో కంపెనీ ఆయన్ని ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా నియమించింది. ఏది విషప్పామో, ఏది కాదో తేల్చడం ఆయన పెట్టుకున్న పని. పాముల్ని తెప్పించి బొమ్మలు గీయించాడు. వాటి విషాన్ని కోళ్ల మీద, కుక్కల మీద పరీక్షించాడు. మన రక్తపింజర 1796 నాటి ఆయన పుస్తకంలో కాటుక రేకుల పొడ అనే తెలుగు పేరుతోనే ఉంది. ఇప్పుడు లోకం ఆ పాముని రస్సెల్ పేరుతో పిలుస్తోంది!

చేపల విషయంలోనూ అదే పద్ధతి. 1789లో స్వదేశానికి తిరిగి వెళ్లాక, విశాఖలో సేకరించిన రెండు వందల చేపల వివరాల్ని 1803లో రెండు సంపుటాలుగా వెలువరించాడు. చేపలకి మన జాలర్ల నోట విన్న పేర్లే రాసుకున్నాడు. అందులో పాల సొర ఉంది. బాలింతలకి పాలు పడతాయని మనవాళ్లు సొర వండిపెడతారు కదా! తరవాతి శాస్త్రజ్ఞులు ఆ తెలుగు మాటనే ఒక సొర లాటిన్ పేరులో చేర్చారు. రస్సెల్ తరవాత ఆ ఉద్యోగానికి వచ్చింది మన సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బర్గే. రస్సెల్ 1805లో లండన్‌లో కన్నుమూశాడు. పేర్లు చెప్పిన జాలర్ల పేర్లు మాత్రం చరిత్రలో నిలవలేదు. అది నాకు వెలితిగానే ఉంటుంది.

మన తీరంలో సొర మనిషిని కరవడం బహు అరుదు. ప్రాణాలు తీసేది అలలు, సుడులు. సొరకి భయపడే మా ఇంట్లో, చిన్నమావయ్య చీకట్లో చెప్పుల్లేకుండా, దీపం లేకుండా వరిచేలోకి వెళ్లేవాడు. ఎవరూ వద్దనలేదు. ఒక రాత్రి రక్తపింజర కాటేసింది. మంత్రం వేయించడానికని తిప్పి తిప్పి ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి ఆలస్యమైపోయింది.

మిత్రులారా, భయం ఉండడం తప్పు కాదు. దేనికి భయపడాలో తెలుసుకోకపోవడమే తప్పు. రస్సెల్ జీవితమంతా చేసింది ఆ తెలుసుకోవడమే. సెలవులకి ఊరెళ్లినప్పుడు మీ నాన్నగారికి ఒక టార్చిలైటు, ఒక జత బూట్లు పట్టుకెళ్లండి. సముద్రం సంగతి తరవాత చూసుకోవచ్చు.