భూగర్భపు తలుపు తట్టిన బ్రిడ్జ్‌మన్

చంద్రమండలమున అడుగిడిన మానవుడు తన పాదాల క్రింది నేలను పదమూడు కిలోమీటర్ల లోతు వరకైనను తొలువలేకపోయినాడు. కంటికి అందని ఆ లోతుల స్వభావమును ప్రయోగశాలలోనే పరీక్షించు మార్గమును సుగమము చేసిన మహనీయుడు పెర్సీ విలియమ్స్ బ్రిడ్జ్‌మన్.

ఆయన 1882 ఏప్రిల్ 21న అమెరికాలోని కేంబ్రిడ్జ్ పట్టణమున జన్మించినారు. తండ్రి పాత్రికేయుడు. 1900లో హార్వర్డ్ విశ్వవిద్యాలయమున విద్యార్థిగా చేరి, 1908లో డాక్టరేటు పొంది, అక్కడనే ఆచార్యులైనారు.

ఆనాడు అధిక పీడనమును సృష్టింపబూనిన వారికి ఒక చిక్కు ఎదురయ్యెడిది. ఒత్తిడి పెరిగిన కొలది పరికరపు అతుకులనుండి ద్రవము కారిపోయెడిది. బ్రిడ్జ్‌మన్ రూపొందించిన మూత ఇందుకు భిన్నమైనది. లోపలి ఒత్తిడి హెచ్చిన కొలది దాని బిగువు కూడ హెచ్చును. ఇక హద్దు ఉక్కు బలము మాత్రమే. పరికరములను పెక్కింటిని ఆయన స్వహస్తములతో తయారు చేసికొన్నారు. 1914లో నిప్పు లేకుండ, కేవలము ఒత్తిడితో కోడిగ్రుడ్డు తెల్లసొనను ఉడికినట్లు గట్టిపరచినారు. క్రమముగా లక్ష వాతావరణ పీడనములను అందుకొన్నారు. ఇది భూమిలో సుమారు 300 కిలోమీటర్ల లోతున నుండు ఒత్తిడి. ఈ కృషికి 1946లో నోబెల్ బహుమతి లభించినది. ఆయన శిష్యుడు ఫ్రాన్సిస్ బర్చ్ ఈ విద్యను భూగర్భ పరిశోధనకు మళ్ళించినారు.

1961 ఆగస్టు 20న బ్రిడ్జ్‌మన్ కన్నుమూసినారు. కాని ఆయన పేరు భూగర్భమున నిలిచినది. 660 కిలోమీటర్లకు దిగువన, భూమి మాంటిల్‌లో అత్యధికముగా నున్న ఖనిజము తొలుత ప్రయోగశాలలో మాత్రమే తెలిసినది. 1879లో ఆస్ట్రేలియాలో పడిన ఒక ఉల్కాశిలలో దాని సహజ రూపము లభింపగా, 2014లో దానికి బ్రిడ్జ్‌మనైట్ అని నామకరణము చేసినారు.

ఆ లోతులలో ఇనుము ప్రవర్తన విచిత్రమైనది. అల్యూమినియముతో కూడిన బ్రిడ్జ్‌మనైట్‌లో, వెలుపలి ఆక్సిజన్ సాయము లేకుండనే, ఇనుములో కొంత భాగము ఫెర్రిక్ రూపము దాల్చును. అందుకు బదులుగా కొంత లోహముగా విడివడును. దాని చెంతనుండు ఫెర్రోపెరిక్లేజ్ ఖనిజములో, ఆరేడు లక్షల వాతావరణ పీడనముల వద్ద, ఒంటరిగానున్న ఎలక్ట్రానులు జతకూడి ఇనుప అయాను కుదించుకొనిపోవును. 2003లో ప్రయోగపూర్వకముగా తేలిన ఈ మార్పువలన ఖనిజపు సాంద్రత పెరుగును. కనుకనే భూకంప తరంగముల వేగమును బట్టి భూగర్భమును లెక్కించు వారు ఇనుము స్థితిని విస్మరింపరాదు.

విద్యార్థులారా! ఇంతటి లోతైన విజ్ఞానమునకు దారి తీసిన వానిలో కారని మూత ఒకటి. ప్రయోగశాలలో చేయు చిన్న పనిని చిన్నచూపు చూడకుడు.