శ్రీ వల్లభాచార్యుల బదరీయాత్ర

కృష్ణానది విజయవాడను దాటి సముద్రాభిముఖముగా సాగునపుడు, దాని దక్షిణతీరమున వ్యాపించియున్న సీమకు పూర్వము వెలనాడని పేరు. చందవోలు రాజధానిగా వెలనాటి చోడులు పాలించిన దేశమిది. వెలనాటి వైదిక బ్రాహ్మణ శాఖకు ఈ సీమవలననే ఆ పేరు కలిగినది. ఆ శాఖలో, భారద్వాజస గోత్రమున, తైత్తిరీయ శాఖాధ్యాయుల వంశమున ఉదయించిన మహాపురుషుడు శ్రీ వల్లభాచార్యులు. గుజరాతు, రాజస్థానము, వ్రజభూమి ఆయనను మహాప్రభువులని కొలుచుచున్నవి. కాని ఆయన పూర్వులు తెలుగువారన్న సంగతి కృష్ణాతీరమున ననేకులకు తెలియదు. ఆయన పాదచారియై మంచుకొండలలోని బదరీ కేదారములను సేవించిన వృత్తాంతము ఇంకను తక్కువమందికి తెలియును.

ఆచార్యుల వంశము యజ్ఞనిష్ఠకు ప్రసిద్ధమైనది. పూర్వుడగు యజ్ఞనారాయణ భట్టు సోమయాగముల నారంభింపగా, తరువాతి తరములవారు ఆ దీక్షను విడువక కొనసాగించిరనియు, తండ్రియగు లక్ష్మణ భట్టు నూరవ యాగమును పూర్తి గావించెననియు సంప్రదాయము. నూరు సోమయాగములు పూర్తియైన యింట భగవదంశ అవతరించునని ఆ కుటుంబమువారి విశ్వాసము. లక్ష్మణ భట్టు దంపతులు కాశిలో నివసించుచుండగా దండయాత్ర భయము పుట్టినది. వారు నగరమును వీడి దక్షిణముగా వచ్చుచుండ, నేటి ఛత్తీస్‌గఢ్‌లోని చంపారణ్యమున ఇల్లమ్మగారికి నెలలు నిండకయే ప్రసవమైనది. అది 1479వ సంవత్సరము. శిశువునందు ప్రాణము లేదని తలంచి తల్లిదండ్రులు జమ్మిచెట్టు క్రింద నుంచి కదలిపోయిరనియు, మరలివచ్చి చూడగా అగ్నివలయ మధ్యమున బాలుడు క్షేమముగా నాడుకొనుచుండెననియు చరిత్రకారులైన భక్తులు వర్ణించిరి.

కాశిలో వేదశాస్త్రముల నభ్యసించి, బాల్యముననే పండితుల మన్ననల నందిన వల్లభులకు పితృవియోగము త్వరలోనే కలిగెను. లక్ష్మణ భట్టు తిరుమల శ్రీనివాసుని సన్నిధిలో పరమపదించెనని వారి సంప్రదాయము చెప్పుచున్నది. అప్పటికి వల్లభులు పదునొకండేండ్లు నిండీ నిండని బాలుడు. తల్లిని విజయనగరములో మేనమామ యింట నుంచి, ఆమె అనుమతిని పొంది ఆయన భారత పరిక్రమణమునకు బయలుదేరిరి. అట్టి పరిక్రమణములు మూడు చేసిరి. వానికి పట్టిన కాలము దాదాపు పదునెనిమిది సంవత్సరములు.

ఆ యాత్రకు ఆచార్యులు చేసికొన్న సన్నాహమును గమనింపవలెను. ధనము కూర్చుకొనుట, వాహనము నమర్చుకొనుట అందులో లేవు. కాళ్లకు పాదుకలు లేవు. ఒడలిపై కుట్టని ధోవతియు ఉత్తరీయమును మాత్రమే. స్వయంపాకముగా వండి భగవంతునికి నివేదించినదే ఆహారము. ముఖ్య క్షేత్రముల యందు నిలిచి శ్రీమద్భాగవత సప్తాహము చేయుట నియమము. అట్లు ఆయన పారాయణ చేసిన తావులను బైఠకులందురు. వాని సంఖ్య ఎనుబదినాలుగు. హరిద్వారము, బదరీనాథము, కేదారనాథము, వ్యాసాశ్రమము అందులోనివి. దామోదరదాసు, మేఘన్ కృష్ణదాసు అను శిష్యులు ఆయనను నీడవలె అనుసరించిరి.

డెల్టాలోని చదునైన పొలముల నడుమ పెరిగినవారికి హిమాలయమార్గము ఊహకందనిది. ఋషీకేశము మొదలు బదరివరకు నేటి రహదారి ననుసరించి దాదాపు 300 కిలోమీటర్లు. అలకనందా భాగీరథులు కలియు దేవప్రయాగ, మందాకిని వచ్చి చేరు రుద్రప్రయాగ, ఆపై కర్ణప్రయాగ, నందప్రయాగ, జ్యోతిర్మఠము, విష్ణుప్రయాగ, పాండుకేశ్వరము క్రమముగా వచ్చును. వీనిలో దేవప్రయాగయు జ్యోతిర్మఠమును, బదరితోపాటు నూటయెనిమిది దివ్యదేశములలో పరిగణింపబడుచున్నవి. కేదారమునకు రుద్రప్రయాగనుండి మందాకినీ తీరమున పోవలెను. బదరి సముద్రమట్టమునకు 10,200 అడుగులకు పైని, కేదారము 11,700 అడుగులకు పైని ఉన్నవి. వైశాఖమున తెరచిన ఆలయద్వారములు కార్తిక మార్గశీర్షముల నాటికి మూయబడును. ఆ తరువాత దారి యంతయు మంచుతో నిండును. ఆ కాలమున బాటలు మనిషి నడచునంత వెడల్పు మాత్రమే. నదులను త్రాళ్ల వంతెనలపై దాటవలెను. ఎత్తునకు పోయినకొలది ఊపిరి చాలదు, పొయ్యిమీది బియ్యము త్వరగా ఉడకదు. స్వయంపాక నియమము గలవానికి ఇది చిన్న పరీక్ష కాదు.

ఒకనాడు బదరీ ప్రాంతపు కొండదారిలో గురుశిష్యులు పోవుచుండగా పైనుండి పెద్దబండ యొకటి దొరలి వచ్చెనట. వెనుక నడచుచున్న కృష్ణదాసు తన ప్రాణమును లెక్కింపక దానిని చేతితో నిలువరించి గురువును కాపాడెను. ఆచార్యులు ప్రసన్నులై వరము కోరుమనగా ఆ శిష్యుడు రాజ్యమును గాని ఆయువును గాని అడుగలేదు. తన వాచాలత్వ దోషము పోవలెననియు, మార్గసిద్ధాంతము తన హృదయమున నిలువవలెననియు వేడుకొనెను. బండను నిలిపిన బలశాలికి తన నాలుకను నిలుపుట అంతకంటె కష్టమని తెలియుటయే అతని యోగ్యత.

బదరిలో జరిగిన మరియొక ఘట్టము వల్లభమతమునకు ప్రాణము వంటిది. అది భాద్రపద శుద్ధమున వచ్చు వామన ద్వాదశి. ఆనాడు అన్నము ముట్టక ఫలాహారముతో వ్రతము నెరపవలెనని ఆచార్యుల సంకల్పము. ఫలములు తెమ్మని కృష్ణదాసును పంపిరి. అతడు కొండలు కోనలు గాలించియు రిక్తహస్తములతో తిరిగివచ్చెను. నూరు సోమయాగముల వంశమున పుట్టినవాడు వ్రతమును విడువజాలడు. నడచి నడచి డస్సిన దేహము, శీతల ప్రదేశమున నిరాహారముగా నిలువజాలదు. అప్పుడు బదరీనారాయణుడే సాక్షాత్కరించి, తానును ఫలములకై వెదకితిననియు, ఎచ్చటను లభింపలేదనియు తెలిపి, జయంత్యుత్సవము ముగిసిన పిదప పారణ శాస్త్రసమ్మతమే గావున అన్నము వండి నివేదించి భుజింపుమని ఆనతిచ్చెనట. నాటినుండి ఆచార్యుల గృహములలో వామన ద్వాదశినాడు ఆ విధమే అనుసరింపబడుచున్నది.

ఈ కథను పైపైన చూచువారికి ఇది నియమభంగముగా తోచును. నిదానించి చూచిన తత్త్వము వేరు. ఆచార్యులు తమ సుఖమునకై వ్రతమును సడలింపలేదు. మానవ ప్రయత్నము ముగిసినచోట స్వామియే ముందునకు వచ్చెను. భక్తునికొరకు భగవంతుడు కొండలలో పండ్లు వెదకెనన్న భావనయే పుష్టిమార్గము. పోషణమనగా భగవదనుగ్రహమని భాగవతము ద్వితీయ స్కంధమున నిర్వచించినది. ఆ మాటనుండియే ఆచార్యులు తమ మార్గమునకు పేరు పెట్టిరి.

బదరికి ఆవల, మాణా గ్రామమున వ్యాసగుహ కలదు. ఆ ప్రాంతపు వ్యాసాశ్రమమున ఆచార్యులు వేదవ్యాసుల దర్శనము పొంది, భాగవతార్థమును వారి యెదుట వివరించిరని సంప్రదాయము. తాము మరలి వచ్చువరకు అక్కడనే యుండుమని చెప్పి వారు వెడలగా, మూడు దినములు కృష్ణదాసు నిలిచినచోటు కదలలేదట. వ్యాసుని హృదయమును వెదకిన ఆ శ్రమకు ఫలము సుబోధినీ వ్యాఖ్య. భాగవతము పండ్రెండు స్కంధములకును అది పూర్తి కాలేదు. అయినను ప్రథమ, ద్వితీయ, తృతీయ, దశమ స్కంధములకును, ఏకాదశమున కొంత భాగమునకును లభించిన ఆ వ్యాఖ్యయే వైష్ణవలోకమునకు మహానిధి. బ్రహ్మసూత్రములకు అణుభాష్యమును ఆయన రచించినదే.

ఆచార్యులు గోవర్ధనమున శ్రీనాథుని సేవను నెలకొల్పి, వివాహమాడి, ప్రయాగ చేరువనున్న అడేలులో గృహస్థాశ్రమమును నడిపిరి. గోపీనాథుడు, విఠ్ఠలనాథుడు ఆయన కుమారులు. కడపట సన్న్యసించి, 1531లో కాశిలోని హనుమాన్ ఘట్టమున గంగలో ప్రవేశించి దేహయాత్రను ముగించిరి.

నేడు కృష్ణాతీరమునుండి బదరికి పోవువారికి రైలు, మోటారు బండ్లు కలవు. ఉన్నిబట్టలు, మందులు సిద్ధము చేసికొనుట అవసరమే. పెద్దవారు వైద్యుని సలహా పొందుటయు, ఎత్తైన చోట నెమ్మదిగా నడచుటయు వివేకమే. అన్నియు అమర్చుకొన్న పిదప కూడ దారిలో ఏదో ఒకటి కొరవడును. కొండచరియ విరిగి బండి నిలుచును. అనుకొన్న తిథికి దర్శనము కాదు. అట్టి గడియలో విసుగుచెందక, వామన ద్వాదశినాడు పండు దొరకని ఆ తెలుగు ఆచార్యుని తలంచుకొన్నవారికి, బదరి చేరకమునుపే బదరీనారాయణుని కటాక్షము లభించును.