డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు: కణశక్తి నుండి క్యాన్సర్ చికిత్సకు

గంభీరావుపేట మొదలుకొని సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల వరకు, చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టే స్త్రీలు కనిపించని వీధి అరుదు. పొగాకు వలన ఊపిరితిత్తులకు క్యాన్సర్ సోకునని మన విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. కాని ఆ వ్యాధికి నేడు వాడుతున్న మందులలో రెండు తెగలు ఒక తెలుగువాని పరిశోధనలతో ముడిపడి ఉన్నవన్న సంగతి పలువురు ఎరుగరు. అందుచేత ఈ సంచికలో ఆయన జీవితాన్ని స్మరించదలచినాము.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించినారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇంట పేదరికం. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండు మార్లు తప్పి, మూడవ మారు మద్రాసులో ఉత్తీర్ణులైనారు. పరీక్ష తప్పగానే చదువు చాలించుకునే మన విద్యార్థులు ఈ ఒక్క విషయం జ్ఞాపకం ఉంచుకొనిన చాలును. మద్రాసు వైద్య కళాశాలలో చదివేనాడు గాంధీజీ పిలుపుననుసరించి ఖద్దరు ధరించినందున ఆంగ్లేయ శస్త్రచికిత్సాచార్యునికి కంటగింపైనారు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించినది. ఆ రోజులలోనే ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల వ్యాధితో కొద్దిరోజుల వ్యవధిలో మరణించినారు. ఆ దుఃఖం ఆయనను జీవితాంతం వదలలేదనియే మా అభిప్రాయం.

కొంతకాలం మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధించి, మామగారి సహాయంతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ తోడ్పాటుతోను, 1923 అక్టోబరులో బోస్టన్ చేరినారు. భార్య శేషగిరి స్వదేశంలోనే ఉండిపోయినారు. సుబ్బారావు మరల తిరిగి రాలేదు. పగలు హార్వర్డులో చదువు, రాత్రులు ఆసుపత్రిలో కూలిపని. రోగుల మలమూత్ర పాత్రలు కడిగి పొట్ట పోసుకున్నారు.

హార్వర్డులో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని వద్ద జీవరసాయన పరిశోధనకు చేరి, 1925లో రక్తంలోను మూత్రంలోను ఉండే భాస్వరాన్ని నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని ఆయనతో కలిసి ప్రకటించినారు. చూచుటకు చిన్న పనియే. ఆ కొలబద్ద చేతికి వచ్చిన తరువాతనే వారిరువురు 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీ అనే పదార్థాన్ని కనుగొనగలిగినారు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ కూడా దానిని వేరుగా కనుగొన్నారు. ఏటీపీ కణానికి నడిచే నాణెము వంటిది. మూడు భాస్వర సముదాయాలు కలిగి, ఒకదానిని వదలునప్పుడు శక్తినిచ్చును. ఇంత చేసినా హార్వర్డు ఆయనకు స్థిరమైన పదవి నీయలేదు.

1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలకు మారినారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినది. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధిలో కలిగే రక్తహీనతకు అదియే మందైనది. కణం విభజన చెందుటకు ఈ ఆమ్లం అత్యవసరం. కాబట్టి దానిని పోలిన దొంగ అణువును అందించిన కణం మోసపోయి పెరుగుదల ఆగిపోవును. ఆ తలంపుతో లెడర్లీలో రూపొందిన అమినోప్టెరిన్‌ను బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్‌తో ఉన్న 16 మంది పిల్లలకు ఇచ్చినారు. పదిమందికి గుణం కనిపించినట్లు 1948 జూన్‌లో ప్రకటించినారు. అయితే ఆ గుణం తాత్కాలికమే, వ్యాధి మరల తిరిగి వచ్చినది. దాని వెంట వచ్చిన మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో ఉన్నది. బోదకాలు నివారణకు మన ప్రాంతంలో ఊరూర పంచిన డి.ఇ.సి. మాత్ర సైతం లెడర్లీలోని ఆయన బృందపు కృషియే. 1948 ఆగస్టులో, తన 53వ యేట, సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి మరణించినారు.

ఇక ఊపిరితిత్తుల విషయం. కణం పైపొరపై వృద్ధి సందేశాన్ని అందుకునే గ్రాహకాలు ఉండును. వాటిలో ఇ.జి.ఎఫ్.ఆర్. ఒకటి. బయట సందేశం తాకగానే లోపలి కొస ఏటీపీ నుండి భాస్వరాన్ని తీసి తనకును, పక్క ప్రొటీన్లకును అంటించును. ఆ భాస్వరపు గుర్తు ఒకరి నుండి మరొకరికి అందుతూ కణకేంద్రాన్ని చేరి, విభజించుమని ఆజ్ఞాపించును. కొందరి ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో జన్యుమార్పు వలన ఈ గ్రాహకం ఎవరూ పిలువకనే నిరంతరం కేక పెట్టుచుండును. గెఫిటినిబ్ అనే మందు, గ్రాహకంలో ఏటీపీ కూర్చుండవలసిన చోటనే తాను కూర్చుండి దానిని అడ్డగించును. 2002లో జపాన్ దీనిని అనుమతించినది. ఎవరికి పనిచేయునో 2004లో బోస్టన్ పరిశోధకులే తేల్చినారు. ఆ బృందాలలో ఒకటి ఫార్బర్ పేరుగల సంస్థకు చెందినది. జన్యుమార్పు ఉన్నవారికే దీని మేలు, అది ఎక్కువగా పొగ త్రాగనివారిలో కనిపించును. కాబట్టి బీడీ త్రాగి జబ్బు పడినవాడు ఈ మందుపై ఆశ పెట్టుకొనుటకు ముందు కణపరీక్ష తప్పనిసరి. ఫార్బర్ చూచిన పిల్లల వలెనే ఈ రోగులలోను చాలామందికి వ్యాధి కొంతకాలానికి తిరుగబడును. కణం మరొక మార్పు చెంది మందును తోసివేయును. అట్టి మార్పులలో ఒకదానిని ఎదుర్కొనుటకు 2015లో ఒసిమెర్టినిబ్ వచ్చినది.

జన్యుమార్పు లేని రోగులకు కీమోథెరపీలో ఇచ్చే పెమెట్రెక్సెడ్, సుబ్బారావు తలంపుకు వారసురాలు. అదియు ఫోలిక్ ఆమ్లపు దారినే అడ్డగించును. ఆ మందు విషగుణం తగ్గుటకు రోగులకు తోడుగా ఇచ్చేది, 1945లో ఆయన బృందం తయారుచేసిన ఆ ఫోలిక్ ఆమ్లపు మాత్రయే.